తనిఖీ కథనాల్లో గౌరవం ఎవరిది? – అనంత పీఠభూమి నుంచి ఒక పఠనం

వ్యాస సంగ్రహం:

విమానాశ్రయంలో అందరికీ జరిగే తనిఖీ ఒకటి. కొందరిని మాత్రమే పక్కకు పిలిచి జరిపే అదనపు తనిఖీ మరొకటి. ఈ రెండవది గడిచిన పాతికేళ్లలో పత్రికా రచనలోనూ, చలనచిత్రంలోనూ ఒక కథనరూపంగా స్థిరపడింది. అదనపు తనిఖీని మనిషిని చదివే ప్రక్రియగా, అంటే శరీరం, ముఖం, పేరు, పత్రం అనే నాలుగు పాఠాల పఠనంగా పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. ప్రముఖుల విషయంలో అవమానంగా కథనమయ్యే అనుభవం, కరువు సీమ నుంచి గల్ఫ్‌కు వెళ్లే మహిళ విషయంలో నేరవార్తగా ఎందుకు మారుతోందో రససిద్ధాంత పరిభాష సాయంతో ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలక పదాలు: తనిఖీ, శంక, అనుభావం, వలస, అనంతపురం, గల్ఫ్, కథనం.

1. ప్రవేశిక:

అనంతపురం దేశంలో అతి తక్కువ వర్షం పడే ప్రాంతాల్లో ఒకటి. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన, దాని మీద ఆధారపడిన వేరుశనగ, ఎండిన బోర్లు, వాటి వెంట వచ్చే వలస ఈ నేల కథకు ముడిసరుకు. సింగమనేని నారాయణ, చిలుకూరి దేవపుత్ర, బండి నారాయణస్వామి వంటి రచయితలు ఈ నేల బతుకును తెలుగు కథలోకి, నవలలోకి తెచ్చారు. అయితే కరువు సాహిత్యంపై వచ్చిన విమర్శ వలసను ప్రధానంగా ఊరు విడిచే ఘట్టంగా చదివింది. బస్సు ఎక్కిన మనిషి తరువాత ఏయే గడపల దగ్గర ఆగవలసి వచ్చింది, అక్కడ ఎవరికి ఏమని జవాబు చెప్పుకున్నాడు అన్న ప్రశ్నలకు దొరకవలసినంత చోటు దొరకలేదు.

ఈనాడు ఆ గడపల్లో ముఖ్యమైనది విమానాశ్రయం. పుట్టపర్తిలో 1990లోనే విమానాశ్రయం ప్రారంభమైనా, ఈ ప్రాంతపు సామాన్యుడికి విదేశీ ప్రయాణ ద్వారం 2008లో దేవనహళ్లి వద్ద తెరుచుకున్న బెంగళూరు విమానాశ్రయమే. హిందూపురం, కదిరి, ధర్మవరం ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లే కూలీ, అమెరికాకు వెళ్లే ఇంజనీరింగ్ పట్టభద్రుడు ఒకే వరుసలో నిలబడే చోటు అది. వరుస ఒకటే అయినా ఇద్దరినీ చదివే తీరు ఒకటి కాదు.

2. తనిఖీ నేపథ్యం:

తనిఖీ అవసరాన్ని కాదనడం ఈ వ్యాస ఉద్దేశం కాదు. 1985 జూన్ 23న ఎయిర్ ఇండియా కనిష్క విమానం పేలి 329 మంది మరణించారు. ఆ తరువాతే, 1987లో, పౌర విమానయాన భద్రతా సంస్థ స్వతంత్ర విభాగంగా ఏర్పడింది. 1999 డిసెంబరులో ఐసీ 814 హైజాక్ జరిగాక విమానాశ్రయాల భద్రత క్రమంగా కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం చేతికి వచ్చింది. 2001 సెప్టెంబరు దాడుల అనంతరం అమెరికాలో రవాణా భద్రతా సంస్థ పుట్టింది. ప్రతి కొత్త నియమం వెనుక ఒక విషాదమో, తృటిలో తప్పిన విషాదమో ఉంది.

అయితే అందరికీ సమానంగా వర్తించే నియమం దగ్గర అవమానం ప్రసక్తి తక్కువ. బూట్లు విప్పమన్నప్పుడు వరుసలోని వారంతా విప్పితే అది అసౌకర్యం మాత్రమే. ఒక్కరినే విప్పమన్నప్పుడు 'నన్నే ఎందుకు?' అనే ప్రశ్న పుడుతుంది. అమెరికా ప్రయాణాల్లో బోర్డింగ్ పాస్‌పై నాలుగు 'ఎస్' అక్షరాలు ముద్రితమైతే ఆ ప్రయాణికుడికి అదనపు తనిఖీ తప్పదు. కారణం మాత్రం అతనికి చెప్పరు. ఆ చెప్పని కారణం చుట్టూనే కథనం అల్లుకుంటుంది.

3. క్రోధం స్థాయిగా ప్రముఖుల కథనం:

మాజీ రాష్ట్రపతి అబ్దుల్ కలాంను 2009 ఏప్రిల్‌లో ఢిల్లీ విమానాశ్రయంలో ఒక అమెరికన్ విమాన సంస్థ సిబ్బంది సోదా చేశారు. మాజీ రాష్ట్రపతులకు తనిఖీ నుంచి మినహాయింపు ఉన్నా ఇది జరిగింది. విషయం జూలైలో పార్లమెంటుకు ఎక్కింది, సంస్థ క్షమాపణ చెప్పింది. 2011లో న్యూయార్క్‌లో మళ్లీ అటువంటిదే జరిగినప్పుడు అమెరికా ప్రభుత్వం విచారం వ్యక్తం చేసింది. 2010 డిసెంబరులో అమెరికాలోని భారత రాయబారి మీరా శంకర్‌ను మిసిసిపీ రాష్ట్రంలోని జాక్సన్ విమానాశ్రయంలో పక్కకు పిలిచి తడిమి చూశారు. ఆమె చీర కట్టుకోవడమే కారణమని నాటి వార్తలు రాశాయి.

ఈ కథనాల నిర్మాణంలో రెండు అంశాలు గమనించదగినవి. మొదటిది, కథకుడు వేరు, బాధితుడు వేరు. కలాం స్వయంగా ఫిర్యాదు చేయలేదు. మూడు నెలల తరువాత ఇతరులు ఆయన పక్షాన మాట్లాడారు. రెండవది, వ్యక్తి అనుభవం వెంటనే జాతి అనుభవంగా మారింది. ఆలంబన విభావం ఒక వ్యక్తి అయినా స్థాయీభావమైన క్రోధం దేశానిది. ఫలితంగా అడిగిన పరిహారం కూడా 'ఇటువంటి వారిని ఇలా చూడకూడదు' అన్నదే. 'ఎవరినీ ఇలా చూడకూడదు' అన్న వాక్యం ఆ చర్చలో బలంగా వినిపించలేదు. మినహాయింపు కోరడం ద్వారా ఆ కథనం తెలియకుండానే తనిఖీలోని అంతరాన్ని ఒప్పుకుంది.

4. శరీర పఠనం – 'మయూరి' కాలు:

ప్రమాదంలో కాలు కోల్పోయిన సుధా చంద్రన్ జైపూర్ కాలితో మళ్లీ నాట్యం చేశారు. ఆమె జీవితం ఆధారంగా, ఆమే నాయికగా, సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 1980ల మధ్యలో 'మయూరి' వచ్చింది. ఆ కృత్రిమ పాదం తెలుగు ప్రేక్షకుడికి సంకల్పబలానికి ప్రతీక. అదే పాదం విమానాశ్రయంలో ప్రతిసారీ విప్పి చూపవలసిన వస్తువు. 2021 అక్టోబరులో ఆమె ప్రధానమంత్రిని ఉద్దేశించి ఒక వీడియోలో తన బాధ చెప్పుకున్నారు. కాలు విప్పించే బదులు పేలుడు పదార్థాల జాడలు పట్టే పరికరంతో పరీక్షించవచ్చు కదా అన్నది ఆమె విన్నపం. భద్రతా దళం క్షమాపణ తెలిపింది.

ఇక్కడ బాధితురాలే కథకురాలు. ఆమె కోరినది తనిఖీ రద్దును కాదు, పద్ధతిలో మార్పును. అందుకే ఈ కథనం ప్రముఖుల కథనాలకంటే ఒక అడుగు ముందుంది. వెండితెర మీద ప్రేక్షకుడు ఆ పాదాన్ని మనిషిలో భాగంగా చూశాడు. తనిఖీ దాన్ని మనిషి నుంచి వేరుచేసి చూసింది. శరీరాన్ని విడిభాగాలుగా చదవడమే ఈ పఠన లక్షణం. సుధా చంద్రన్‌కు మాట్లాడేందుకు పేరు ఉంది. పోలియో కాలికి క్యాలిపర్ తొడుక్కున్న ఒక పల్లెటూరి మనిషికి ఆ పేరు లేదు. అయినా ఆమె విన్నపం నెరవేరితే అతనికీ మేలే. ప్రముఖుల మినహాయింపు అతనికి ఎన్నటికీ అందదు.

5. ముఖ పఠనం – శంక, దాని అనుభావాలు:

భరతుడు చెప్పిన ముప్పై మూడు వ్యభిచారీభావాల్లో శంక ఒకటి. చౌర్యం, రాజాపరాధం వంటివి దాని విభావాలు. మాటిమాటికీ చుట్టూ చూడడం, నోరు ఎండిపోవడం, పెదవులు తడుపుకోవడం, వణకడం, ముఖం వెలవెలబోవడం దాని అనుభావాలు. శంక స్త్రీలలోనూ, నీచపాత్రలలోనూ పుడుతుందని కూడా నాట్యశాస్త్రం చెప్పింది.

అమెరికా రవాణా భద్రతా సంస్థ 2007 నుంచి ప్రయాణికుల ప్రవర్తనను గమనించి అనుమానితులను గుర్తించే ఒక కార్యక్రమాన్ని నడిపింది. 2015లో వెల్లడైన దాని జాబితాలో అతిగా ఆవులించడం, గొంతు సవరించుకోవడం వంటివి అనుమాన లక్షణాలుగా ఉన్నాయి. అంతకుముందే, 2013లో, ఆ దేశపు ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం ఈ పద్ధతిని పరిశీలించి, బయటి లక్షణాలను బట్టి మోసాన్ని పసిగట్టగల శక్తి యాదృచ్ఛికతకు సమానంగానో, అంతకంటే కాస్త మెరుగ్గానో మాత్రమే ఉందని చెప్పింది.

రెండు వేల ఏళ్ల నాటి నాట్యగ్రంథానికీ, ఈనాటి భద్రతా జాబితాకూ మధ్య పోలిక యాదృచ్ఛికమే కావచ్చు. కానీ తేడా ముఖ్యమైనది. రంగస్థలం మీద విభావం ముందు తెలుస్తుంది, అనుభావం తరువాత వస్తుంది. నటుడు ఎందుకు వణుకుతున్నాడో ప్రేక్షకుడికి తెలుసు. తనిఖీ గదిలో అధికారికి అనుభావం మాత్రమే కనిపిస్తుంది, విభావాన్ని అతను ఊహించుకోవాలి. మొదటిసారి విమానం ఎక్కబోతున్న, ఇంగ్లీషు గానీ కన్నడం గానీ రాని కదిరి ప్రాంతపు మనిషికి నోరు ఎండడానికి, చుట్టూ చూడడానికి అపరిచితమైన ఆ చోటే చాలు. అనుమానపు చూపే అక్కడ విభావం. ఆ చూపు పుట్టించిన వణుకును అదే చూపు నేరానికి ఆనవాలుగా చదువుకుంటుంది. అనుభవం ఉన్న అబద్ధీకుడు వణకడు. కనుక ఈ పఠనంలో ఓడేది తరచు అమాయకుడే.

6. పేరు పఠనం:

అనంతపురం జిల్లా గూగూడులో మొహర్రం సందర్భంగా జరిగే కుళ్లాయిస్వామి ఉత్సవాలకు హిందువులు, ముస్లింలు కలిసి వస్తారు. ఆ స్వామి పేరున కుళ్లాయప్ప, కుళ్లాయమ్మ అన్న పేర్లు ఈ ప్రాంతపు హిందూ కుటుంబాల్లో సర్వసాధారణం. ఫక్కీరప్ప, మస్తానయ్య, ఉసేనప్ప వంటి పేర్లూ ఇటువంటివే. పెనుకొండ బాబయ్య దర్గాకు మొక్కుకుని పిల్లలకు పేర్లు పెట్టుకునే ఆచారమూ ఉంది. అంటే ఈ పీఠభూమిలో పేరు మతాన్ని చెప్పదు, మొక్కును చెబుతుంది.

జాబితాల ఆధారంగా నడిచే తనిఖీకి పేరు ఒక స్థిరమైన గుర్తు కావాలి. ఇంటిపేరు ముందా వెనుకా అన్న సందేహం, పదో తరగతి ధ్రువపత్రంలో ఒక అక్షరక్రమం, ఆధార్‌లో మరొకటి, ఒకే పదంతో ముగిసే పేర్లు, ఇవన్నీ ఆ యంత్రానికి చిక్కులే. అమెరికా వీసాలో ఒకే పేరున్న వారికి మొదటి పేరు 'తెలియదు' అని నమోదవుతుంది. ఊరంతా పిలిచే పేరు అక్కడ తెలియని పేరుగా మారుతుంది. షారుఖ్ ఖాన్‌ను 2009లో న్యూవార్క్‌లో నిలిపివేసిన ఘటన తరువాత, 2010లో విడుదలైన 'మై నేమ్ ఈజ్ ఖాన్' కథ విమానాశ్రయ తనిఖీతోనే మొదలవుతుంది. ఆ చిత్రం పేరును మతానికి గుర్తుగా స్వీకరించి, ఆ మతం నేరం కాదని వాదించింది. గూగూడు సంప్రదాయం లేవనెత్తే ప్రశ్న ఇంకా మౌలికమైనది: పేరును బట్టి మనిషిని విడదీయడం అసలు సాధ్యమేనా?

7. పత్ర పఠనం – విద్యార్థి, గల్ఫ్ మహిళ:

భద్రతా తనిఖీ దేహాన్ని, సామానును చూస్తుంది. వలస తనిఖీ ఉద్దేశాన్ని చూస్తుంది. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయం మూతపడినప్పుడు కొందరు తెలుగు విద్యార్థుల కాళ్లకు నిఘా పట్టీలు తగిలించారు. 2015 డిసెంబరులో సరైన వీసాలతో వెళ్లిన విద్యార్థులను శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి తిప్పి పంపారు. అవే విద్యాసంస్థలకు వెళ్లబోతున్న కొందరిని హైదరాబాదులోనే విమానం ఎక్కనివ్వలేదు. 2023 ఆగస్టులో 21 మంది భారతీయ విద్యార్థులు వెనక్కు వచ్చారు. వారిలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. ఈ వార్తల స్థాయీభావం శోకం. అయితే అది త్వరలోనే ఉపదేశంగా మారింది: పత్రాలు సరిచూసుకోండి, అధికారికి తడబడకుండా జవాబు చెప్పండి, ఫోనులో సందేశాలు జాగ్రత్త. విద్యార్థిని మంచి పాఠంగా తయారుచేయడమే ఆ ఉపదేశ సారం.

గల్ఫ్‌కు ఇంటిపనికి వెళ్లే మహిళకు ఆ జాలి కూడా దక్కదు. 1983 వలస చట్టం ప్రకారం పదో తరగతి గట్టెక్కని వారి పాస్‌పోర్టుపై వలస అనుమతి తప్పనిసరి అన్న ముద్ర ఉంటుంది. 30 ఏళ్లు నిండని మహిళలకు గల్ఫ్ దేశాల ఇంటిపనికి ఆ అనుమతి లభించదు. ఉద్దేశం రక్షణే. కఫాలా వ్యవస్థలో యజమాని చేతిలో పాస్‌పోర్టు చిక్కిన ఆడమనిషి దుస్థితి తెలిసినవారెవరూ ఆ ఉద్దేశాన్ని శంకించరు. కానీ ఉద్యోగానికి కాక సందర్శనకు వెళ్లేవారికి ఈ అనుమతి అక్కరలేదు. దళారి ఆ సందు గుండానే ఆమెను పంపుతాడు. ఆమె అబద్ధం చెప్పవలసిన చోటు విమానాశ్రయమే. పట్టుబడితే వార్త ఒక్కటే: నకిలీ పత్రాలతో మహిళ ఆపివేత. ఎండిన చేను, తీరని అప్పు, బిడ్డ పెళ్లి ఆ వాక్యంలో ఉండవు.

మూడు కథనాలనూ పక్కపక్కన పెడితే క్రమం స్పష్టమవుతుంది. ప్రముఖుడికి క్రోధం, విద్యార్థికి శోకం, కూలి మహిళకు శంక దక్కాయి. మొదటి రెండూ స్థాయీభావాలు, రసస్థాయికి చేరగలవు. మూడవది వ్యభిచారి మాత్రమే. అది పాఠకుడిలో నిలవదు, మరుసటి వార్తతో చెదిరిపోతుంది. శంకను స్త్రీలకు, కిందివారికి కేటాయించిన పాత వర్గీకరణ మన వార్తా రచనలో ఇంకా పనిచేస్తోంది.

8. ముగింపు:

వ్యభిచారిని స్థాయికి చేర్చగలిగినది సాహిత్యమే. వలస మహిళ అబద్ధం వెనుక ఉన్న విభావాలను వరుసగా చూపగలిగిన కథ ఆమె వణుకును నేరచిహ్నంగా కాక దుఃఖంగా చదివిస్తుంది. కరువు కథకు వారసులైన రచయితలకు విమానాశ్రయం ఒక కొత్త స్థలం. ఆ కథలు ఎక్కడ వచ్చాయో వెతికి, గల్ఫ్ కార్మికుల ఉత్తరాలు, మౌఖిక కథనాలు, పాటలు సేకరించి చదవడం పరిశోధకుల పని. రాయలసీమ వలసపై పనిచేసే పరిశోధకుడు కుటుంబాలను కలిసినప్పుడు 'ఎందుకు వెళ్లారు?' అన్న ప్రశ్నతో పాటు 'అక్కడ మిమ్మల్ని ఏమడిగారు, మీరేమని చెప్పారు?' అని కూడా అడగాలి. అధికారి రాసుకున్న జవాబు దస్త్రంలో ఉంటుంది. ఆమె చెప్పుకోలేకపోయిన జవాబు నమోదు కావలసిన చోటు మన పరిశోధనే.