రెండోవాడి లెక్క

మన తెలుగులో పెద్దవారి జీవితచరిత్రలకు కొదవలేదు. డాక్టర్లు, ప్లీడర్లు, బారిష్టర్లు, ఉపాధ్యాయులు స్వయంకృషితో పైకి వచ్చిన వైనం శతజయంతి సంచికల్లోనూ, స్మారక సంపుటాల్లోనూ, పాఠ్యపుస్తకాల్లోనూ చదువుతూనే వున్నాం. చదివిన ప్రతిసారీ నాకు ఒక లోటు కనిపిస్తూ వచ్చింది. కథానాయకుడు తెల్లవారుజామున లేస్తాడు, నిజాయితీగా వుంటాడు, దీపం వెలుగులో చదువుతాడు, పేరు తెచ్చుకుంటాడు. తర్వాతి అధ్యాయంలో ఆయనకు మేడ వుంటుంది. ఆ మేడకు డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో ఎక్కడోగాని వుండదు. టంగుటూరి ప్రకాశం పంతులుగారి "నా జీవిత యాత్ర" లాంటి కొద్ది పుస్తకాలే వకీలు వృత్తిలో వచ్చిన డబ్బునూ పోయిన డబ్బునూ దాచకుండా చెబుతాయి. మిగిలినచోట్ల గుణవర్ణనే జమాఖర్చుల పుస్తకం స్థానం ఆక్రమించింది.

ఈ లోటు ఇవాళ కేవలం సాహిత్యానికి సంబంధించిన లోటుగా మిగలలేదు. చదువు ముగించుకున్న ప్రతి విద్యార్థికీ ఈనాడు ఒక ఉపదేశం వినిపిస్తున్నది: "ఉద్యోగాలకోసం చూడకు, నీ నేర్పే నీ పెట్టుబడి, నీకు నువ్వే యజమానివి కా." ఈ ఉపదేశానికి దృష్టాంతాలు ఆ జీవితచరిత్రలనుంచే తీస్తున్నారు. కాబట్టి వాటిని విమర్శకుడు చదవవలసిన రీతిలో చదవడం అవసరం.

ముందు ఒక భేదం చెప్పుకోవాలి. వృత్తి వేరు, వ్యాపారం వేరు. డాక్టరు నాడి పట్టుకున్నంతసేపే ఫీజు వస్తుంది. చెయ్యి తీస్తే ఆగిపోతుంది. వ్యాపారం యజమాని నిద్రపోతున్నప్పుడు కూడా సంపాదిస్తుంది. మొదటిదానినుంచి రెండోదానికి వెళ్లే మెట్టుమీద ఎప్పుడూ ఇంకొకడు నిలబడి వుంటాడు. వాడు పొదుపు సొమ్ము తెచ్చి అప్పజెప్పినవాడు కావచ్చు, జీతానికి చెయ్యి ఆడించేవాడు కావచ్చు, గత్యంతరం లేక గుమ్మంలో నిలబడ్డవాడు కావచ్చు. ఆ రెండోవాడిని మన సాహిత్యం రాయలేదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇంతే. దీనికి బందరు, గుడివాడ, దివిసీమలనే సాక్ష్యంగా తీసుకుంటాను.

చిన్న లెక్కతో మొదలుపెడదాం. గుడివాడలో ఒక క్షౌరశాల వుందనుకోండి. ఒకే కుర్చీ, ఒకే మనిషి. రోజుకు 600 రూపాయల పని చేస్తాడు. అద్దె, దీపం ఖర్చు పోను మిగిలేది కూలిలాంటిదే. అతడే మరి మూడు కుర్చీలు వేసి ముగ్గురిని సగం వాటాకు పెట్టుకున్నాడనుకోండి. ముగ్గురూ తలా 600 పని చేస్తే తలా 300 షాపుకు వస్తుంది, మొత్తం 900. అద్దెకూ కరెంటుకూ 500 పోతే 400 మిగులుతుంది. తన కత్తెర సంపాదించిన 600 వేరే వుంది. ఈ 400 కత్తెర సంపాదించింది కాదు, కుర్చీ సంపాదించింది. అతని కథ రాసేవారు మాత్రం రోజుకు వెయ్యి రూపాయలూ అతని చేతి చలవేనని రాస్తారు.

అందువల్ల అతడిని దోపిడీదారని తిట్టి చేతులు దులుపుకోవడం తేలిక, కాని తప్పు. అతని తాత కళ్లం దగ్గర మేర కోసం నిలబడినవాడు. ఏడాది పొడుగునా ఊరి గడ్డాలు గీసి, పెళ్లికీ చావుకూ పిలిచినప్పుడల్లా వెళ్లి, నూర్పిళ్ల రోజున రైతు కొలిచినంత ధాన్యం మూటగట్టుకున్నవాడు. అతని ఇంటి ఆడది మంత్రసానిగా ఊరి బిడ్డలకు పురుడు పోసింది. ఇద్దరి చేతుల్లోనూ విద్య వుంది. ఆ విద్యకు వెల కట్టే హక్కు మాత్రం లేదు. మేర పోయి రొక్కం రావడం ఆ మనిషికి విడుదల. గోడమీద ధరల పట్టిక వేలాడదీయడం సామాన్యమైన సంగతి కాదు. సొంత వృత్తిలో వున్న ఈ స్వేచ్ఛను అభ్యుదయ విమర్శకులు చిన్నచూపు చూడకూడదు.

ఇక బందరు విషయం. ఒకే నేర్పుకు ఒకచోట ధాన్యపు మూట, మరొకచోట నాణేలు రావడానికి కారణం మనిషి గుణంలో లేదు. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయింది. కాలవల వెంట మాగాణి పెరిగింది, పంట అమ్మకానికి వచ్చింది, రొక్కం తిరిగింది, గట్టు తగాదాలు, వారసత్వపు తగాదాలు కోర్టుకెక్కాయి. బందరు జిల్లా ముఖ్యపట్టణం; 1843లో స్థాపించిన నోబుల్ కళాశాల అక్కడ వుంది. ప్లీడరుకు కక్షిదారూ, డాక్టరుకు రొక్కం ఇవ్వగల రోగీ ఆ నేల మిగులులోనుంచే వచ్చారు. చదువుతోబాటు పట్టా అనే గుమ్మం కూడా వచ్చింది. ఆ గుమ్మానికి లోపల వున్నవాడి మాట ఫీజు. బయట వున్నవాడి మాట ఊసుపోక. ఈ గుమ్మాన్ని గురజాడ గమనించాడు. పట్టా వున్న ప్లీడరూ పట్టాలేని ప్రైవేటు వకీలూ ఇద్దరూ "కన్యాశుల్కం"లో వున్నారు. 1897నాటికే ఒక నాటకకర్త చూసినదాన్ని తరువాతి చరిత్రకారులు చూడకపోవడం ఆశ్చర్యమే.

ఆ బందరులో 1906 ప్రాంతంలో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు వైద్యం ప్రారంభించారు. పదేళ్లు చేసి, దాన్ని వదిలి ప్రజాజీవితంలో దిగారు. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపకుల్లో ఒకరు. 1915లో కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు, 1923లో ఆంధ్రా బ్యాంకు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ ఆయన పూనికతో వచ్చాయి. 1948లో కాంగ్రెసు అధ్యక్షులయ్యారు. ఇది చిన్న జీవితం కాదు. ఆ సంస్థలను ఆయన సొంత లాభానికి పెట్టారని నేననడం లేదు. కాని "డాక్టరుగా మొదలై బ్యాంకు కట్టిన మనిషి" అనే వాక్యం స్వయంకృషికి దృష్టాంతంగా ఎత్తిచూపినప్పుడు మాత్రం ఆగి అడగవలసి వుంది.

ఆంధ్రా బ్యాంకు అధికృత మూలధనం పది లక్షలు, చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. 1923లో లక్ష రూపాయలు ఒక డాక్టరు నాడి పట్టి సంపాదించే సొమ్ము కాదు. వాటాదారులుండాలి. వాటాదారుల వెనుక డిపాజిట్లు వేసేవారుండాలి. డిపాజిట్ల వెనుక పంట అమ్ముకున్న రైతు, ఆ పంట నాటిన కూలి, కోసిన కూలి వుండాలి. స్టెతస్కోపు దించిన రోజున డాక్టరు ఫీజు ఆగిపోతుంది. బ్యాంకు మాత్రం స్థాపకుడు గతించిన 1959 తరువాత కూడా నడిచింది, 1980లో జాతీయం అయింది, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. డాక్టరు చేతికి లేని ఆ ఆయుర్దాయం రెండోవాడి పొదుపు ఇచ్చింది. అంటే పట్టాభిగారి గొప్పతనం ఒంటరిగా సంపాదించడంలో లేదు. చెల్లాచెదురుగా వున్న పొదుపును ఒకచోట చేర్చవచ్చునని కనిపెట్టడంలో వుంది. సహకార బ్యాంకు ముందు వచ్చి, వాటాల బ్యాంకు తరువాత రావడం కూడా ఆలోచించదగిన వరుసే. జీవితచరిత్రకారుడు ఈ సామూహిక కార్యాన్ని ఒక వ్యక్తి గుణంగా కుదించినప్పుడు కూలీకే కాదు, ఆయనకూ అన్యాయం చేస్తున్నాడు.

గుడివాడ దగ్గర అంగలూరులో 1887లో పుట్టిన త్రిపురనేని రామస్వామిగారు ఈ ప్రశ్నకు మరో పార్శ్వం. డబ్లిన్ వెళ్లి బారిష్టరై వచ్చి, కొన్నాళ్లు బందరులో, 1922నుంచి తెనాలిలో ప్రాక్టీసు చేశారు. "సూతపురాణం" రాసిన మనిషి ఏ దేవస్థానంలోనో, ఏ జమీందారు కొలువులోనో వుండివుంటే ఆ పుస్తకం రాయగలిగేవాడా? కక్షిదారు ఇచ్చే ఫీజు ఆయన కలానికి కాపలా కాసింది. సొంత వృత్తి ఇచ్చే స్వాతంత్ర్యం ఎంత విలువైనదో దీన్నిబట్టి తెలుస్తుంది. ఐతే ఆయన చేసిన ఇంకొక పని ఇంతకంటే విశేషమైనది. పౌరోహిత్యం మన దేశంలో అతి పురాతనమైన సొంత వృత్తి. దాని పెట్టుబడి ఇతరులకు అర్థంకాని భాషలో వున్న మంత్రం. రామస్వామిగారు "వివాహ విధి"ని తెలుగులో కూర్చి, పెళ్లిళ్లు చేయించి, ఆ తంతును చదవను వచ్చిన ప్రతివాడి చేతిలోనూ పెట్టారు. వ్యాపారదృష్టితో చూస్తే ఇది శుద్ధ తెలివితక్కువ. వృత్తి రహస్యాన్ని అచ్చువేసి పంచినవాడికి లాభమేముంది? కాని సంఘానికి వచ్చిన లాభం ఏ ఖాతాపుస్తకంలోనూ పట్టదు. గుమ్మంలోపల చేరి తలుపు వేసుకోవడం ఒక దారి, తలుపు ఊడదీయడం ఒక దారి. రెంటినీ స్వయంకృషి అనే ఒకే మాటతో కప్పితే విమర్శ అక్కడే చచ్చిపోతుంది.

ఆయన కుమారుడు గోపీచంద్ సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. "అసమర్థుని జీవయాత్ర"లో సీతారామారావు ఆస్తి ఎలా కరిగిపోయిందో, మనిషి ఎలా కుంగిపోయాడో మనకు తెలుస్తుంది. పతనానికి మన నవల లెక్క రాసింది. ఎదుగుదలకు అంత నిష్కర్షగా లెక్క రాసిన నవల మనకు ఏదీ? ఓడినవాడిని గదిలో పెట్టి పరీక్షించినట్లు గెలిచినవాడిని కూడా పరీక్షించాలి. ప్లీడరు వెనుక గుమాస్తా, డాక్టరు వెనుక కాంపౌండరు మన కథల్లో కాఫీ తెచ్చే పాత్రలుగా మిగిలిపోయారు.

బందరునుంచి దివిసీమవైపు ప్రయాణిస్తే దారికి దగ్గరలోనే కూచిపూడి. తరాల తరబడి ఆ ఊరి భాగవతులు మేళాలు కట్టి ఊరూరా ఆడారు, ఇచ్చినది పుచ్చుకున్నారు. ఆ ఊళ్లో పుట్టిన వెంపటి చినసత్యంగారు మద్రాసు చేరి 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ నెలకొల్పారు. ఆయన ప్రతిభనూ, పట్టుదలనూ ఎవరు కాదంటారు? కాని అంత విద్యా వున్న భాగవతులు ఊళ్లోనే వుండిపోయి అంత నిలదొక్కుకోలేదంటే, విద్యలో తేడా కాదు కారణం. మద్రాసులో పిల్లలకు నాట్యం నేర్పించాలనే కోరికా, స్తోమతా వున్న కుటుంబాలున్నాయి, సభలున్నాయి, సినిమా వుంది. నేర్పు కూచిపూడిది, గిరాకీ పట్నానిది. "నీ నేర్పే నీ పెట్టుబడి" అనే ఉపదేశం ఈ రెండో సగాన్ని మింగేస్తున్నది.

దివిసీమలోకి అడుగుపెడితే అవనిగడ్డ. ఈ పత్రిక చదివే ఉపాధ్యాయులకు ఆ ఊరు పరిచయం చెయ్యనక్కరలేదు. డీఎస్సీ శిక్షణకు రాష్ట్రం నలుమూలలనుంచి అభ్యర్థులు అక్కడ గదులు అద్దెకు తీసుకుని చదువుకుంటారు. మంచి పాఠం చెప్పేవాడు అక్కడ పేరుతోబాటు డబ్బూ సంపాదిస్తాడు. అది అతని గొంతు కష్టమే. కాని అతని గిరాకీని ఎవరు తయారుచేశారు? ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ తరువాత 2024లో 6,100 పోస్టులకు ప్రకటన వచ్చి రద్దయింది. 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులకు మళ్లీ ప్రకటన వచ్చింది. మధ్య వున్న ఆ ఏళ్లన్నీ ఒక తరం అభ్యర్థులు అద్దె గదుల్లో గడిపిన ఏళ్లు. బళ్లలో ఖాళీలు ఏటేటా నింపితే ఈ నిరీక్షణకు పని వుండదు. నిరీక్షణ లేకపోతే శిక్షణ ఇంత పెద్ద వ్యాపారం కాదు. ఇక్కడ రెండోవాడు కూలీ కాడు, పొదుపుదారూ కాడు, ఎదురుచూస్తున్న నిరుద్యోగి. తల్లిదండ్రులు అప్పుతెచ్చి పంపిన ఫీజు ఒకరి విజయగాథలో "పట్టుదల ఫలం"గా అచ్చవుతుంది.

దివిసీమ మనకు ఇంకొక పాఠం కూడా చెప్పింది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు వేలమంది చనిపోయారు. బతికినవారిలో నెలజీతగాడికి ఒకటో తారీఖు మళ్లీ వచ్చింది. దర్జీకి మిషనూ పోయింది, బట్టలు కుట్టించుకునే మనుషులూ పోయారు. సొంత వృత్తివాడికి యజమాని లేడన్నది ఎంత నిజమో, ఆపదలో అతనికి తోడు లేడన్నదీ అంతే నిజం. ఆ తోడు ఏ రూపంలో వుండాలన్నదే మనం వెయ్యవలసిన ప్రశ్న.

దీనికి జవాబు బొత్తిగా లేకపోలేదు. నెల్లూరులో డాక్టరు రామచంద్రారెడ్డిగారి పేరుతో ప్రసిద్ధమైన ప్రజావైద్యశాల వుంది. వైద్యాన్ని లాభానికి కాక ప్రజలకోసం నడపవచ్చునని అది చూపింది. పట్టాభిగారి సహకార బ్యాంకు ఆలోచనలోనూ ఆ బీజం వుంది. క్షౌరశాలలో నలుగురూ కలిసి నాలుగు కుర్చీల అద్దె పంచుకుంటే ఆ 400 నలుగురిదీ అవుతుంది. ఇది విప్లవం కాదు. ఐనా లెక్క మారుతుంది.

మనవైపు తప్పు కూడా ఒప్పుకోవాలి. డాక్టరునూ ప్లీడరునూ "మధ్యతరగతి ఊగిసలాట" అనే ఒక్క ముద్రతో కొట్టిపారేసి, వారి ఆదాయవ్యయాలను పరిశీలించే శ్రమ మనం పడలేదు. మనం వదిలేసిన చోటును ఉపదేశకులు ఆక్రమించారు. ఉద్యోగం రాని విద్యార్థి ఒక షాపు తెరవాలనుకుంటే అతన్ని పరిహసించడం మన పని కాదు. అతని చేతిలో నిజమైన లెక్క పెట్టడం మన పని: నీ చెయ్యి సంపాదించేదెంత, నీ కుర్చీ సంపాదించేదెంత, నీ గుమ్మం ఎవరిని బయట వుంచింది?

ఇకమీద ఏ విజయగాథ మన ముందుకు వచ్చినా ఈ మూడు ప్రశ్నలూ వెయ్యండి. జవాబు చెప్పగల పుస్తకం వుంటే దాన్ని పదిమందికీ చదివి వినిపించండి. లేకపోతే ఉపాధ్యాయులారా, మీ ఊళ్లో రెండోవాడు వున్నాడు. గుమాస్తా, కాంపౌండరు, వాటాకు పనిచేసే క్షురకుడు, అద్దె గదిలో పుస్తకం ముందు కూర్చున్న అమ్మాయి వున్నారు. వారి దగ్గర కూర్చుని లెక్క రాసుకోండి. మన జీవితచరిత్ర సాహిత్యంలో రాయకుండా వదిలేసిన సగం వారి దగ్గరే వుంది.