కాటా దగ్గర మొహమాటం

పాల కేంద్రంలో వెన్న శాతం ఎంత వస్తే రేటు అంతే. సర్పంచిగారి పాలు కదా అని మిషను మొహమాటపడదు. నీలగిరి టీ సొసైటీల కష్టాలు చదివినప్పుడల్లా నాకు ఆ మిషనే గుర్తొస్తుంది.

తమిళనాడులోని ఆ కొండల మీద చిన్న కమతాల రైతులు (వాళ్లలో బడగ సముదాయం వాళ్లు ఎక్కువ) కలిసి టీ ఫ్యాక్టరీలు పెట్టుకున్నారు. 1965లో వాటికి ఇండ్‌కోసర్వ్ అనే సమాఖ్య ఏర్పడింది. ఇప్పుడు పదహారు ఫ్యాక్టరీలు, సభ్యులు 30 వేలకు అటూ ఇటూ. కోసిన పచ్చాకు ఆ పూటే ఫ్యాక్టరీ చేరకపోతే బస్తాలోనే వేడెక్కి కందిపోతుంది. ధర కోసం ఆగే వీలు లేనివాడు బేరమేం ఆడతాడు? అందుకే సొంత ఫ్యాక్టరీ.

నాలుగు కిలోలకు పైగా ఆకు వాడబెట్టి, నలిపి, రంగు తిరగనిచ్చి, ఆరబెడితే కిలో పొడి. టీ బోర్డు సూత్రం ప్రకారం అమ్మిన ధరలో 65 శాతం రైతుది, 35 శాతం ఫ్యాక్టరీది. కూనూరు వేలంలో కిలో వంద పలికిందనుకుందాం. కిలో ఆకుకు రైతు చేతికొచ్చేది పదిహేను రూపాయలు. కోత కూలి, ఎరువు అందులోంచే. ఫ్యాక్టరీ వాటాలోంచి కరెంటు, కట్టెలు, జీతాలు. ఆకు తగ్గిందని జీతాలు తగ్గవు.

రెండాకులు, ఒక మొగ్గ చేత్తో గిల్లితే కూలి ఎక్కువ. కత్తెరతో కోస్తే పని చకచకా అవుతుంది, ముదురాకూ కలుస్తుంది. రెంటికీ ఒకే రేటైతే లేతాకు తెచ్చినవాడికే నష్టం. మరుసటేడు అతనూ కత్తెర పడతాడు. పొడి నాసిరకమై వేలంలో ధర పడుతుంది. ఆకు తక్కువ వచ్చే నెలల్లో ప్రైవేటు ఫ్యాక్టరీ రూపాయి ఎక్కువిస్తే సభ్యులే అటు పోతారు, సొసైటీ మిషన్లకు మేత చాలదు.

కెన్యాలో టీ అభివృద్ధి సంస్థ కేటీడీఏ కింద 6 లక్షలకు పైగా చిన్న రైతులున్నారు. ఆకు కొనే కేంద్రంలోనే ముదురాకు పక్కన పెట్టేస్తారు. నెలనెలా కొంత డబ్బు, టీ అమ్ముడయ్యాక ఏడాది చివర బోనస్. బోనస్ మీద తగాదాలు అక్కడా ఉన్నాయి. అయినా మంచి ఆకుకు ఫలితం ఏడాది చివర కనబడుతుందన్న లెక్క రైతుకు తెలుసు.

లేతాకుకు ఒక రేటు, ముదురాకుకు ఒక రేటు అని సభ్యులే సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకోవాలి. ప్రభుత్వ సాయం అడగడం ఆ తర్వాతి మాట. తీర్మానం లేకుండా ఆకు వేరుచేసే పని గుమస్తాకు అప్పగిస్తే అతను మొహమాటపడతాడు. పడకపోతే, వచ్చే సొసైటీ ఎన్నికల తర్వాత కాటా దగ్గర ఇంకో గుమస్తా ఉంటాడు.