పేరు మరిచిన ఈగకు మెట్లు చాలవు

ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మరిచిపోయిన ఈగ కథ వినకుండా పెరిగిన తెలుగు పిల్లలు తక్కువ. పెద్దయ్యాక గుర్తు చేసుకుంటే అది పిల్లల కథలా అనిపించదు. ఇప్పుడు మనం బర్న్‌అవుట్ అంటున్నదానికి మన దగ్గర అంతకన్నా పాత బొమ్మ, అంతకన్నా సూటి బొమ్మ నాకు తెలిసి లేదు. ఈగకు నడుం నొప్పి వచ్చిందని కథ చెప్పదు. పనిలో పడి పేరు మరిచిపోయిందని చెబుతుంది.

మరి ఆ ఈగ ఏం చేసింది? మూల కూర్చుని గట్టిగా ఊపిరి పీల్చుకోలేదు. కనిపించినవాళ్లందర్నీ అడుగుతూ పోయింది. పెద్దమ్మను అడిగింది, పెద్దమ్మ కొడుకును అడిగింది, చెట్టును అడిగింది, గుర్రాన్ని అడిగింది. తెలియనివాళ్లు ఇంకొకరి దగ్గరికి పంపారు. చివరికి ఆ పేరు ఎదుటివాళ్ల నోట్లోనే దొరికింది.

పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథ ఈ ఈగనే తెచ్చి మధ్యతరగతి ఇంట్లో కూర్చోబెట్టింది. చదువుకున్న అమ్మాయి, చలాకీ అమ్మాయి. పెళ్లయ్యాక అలకడం, ముగ్గులెయ్యడం, మళ్లీ అలకడం. ఒకరోజు తన పేరు గుర్తు రాదు. పనిమనిషికి ఆమె అమ్మగారు, పిల్లలకు అమ్మ. ఎవరి దగ్గరా పేరు లేదు. పుట్టినూళ్లో పాత స్నేహితురాలు ఎదురై 'శారదా' అని పిలిచేదాకా ఆమె ఆమె కాదు. ఈ కథను మనం స్త్రీవాద కథగా చదివాం, సరిగ్గానే చదివాం. కానీ దాన్ని మనసు ఆరోగ్యం గురించిన కథగానూ చదవాలి. శారదకు జబ్బు లేదు. ఆమె చుట్టూ ఉన్న ఇంట్లో ఆమెకు చోటు లేదు, అంతే. అందుకే నయమయ్యాక ఆమె మొదట చేసిన పని తనను మార్చుకోవడం కాదు. ఇకమీద పేరు పెట్టి పిలవమని మొగుడికి చెప్పడం.

దీని పక్కన అంపశయ్య నవీన్ 'అంపశయ్య' (1969) పెట్టి చూడండి. ఉస్మానియా యూనివర్సిటీ హాస్టల్లో రవి అనే కుర్రాడి ఒకే ఒక్క రోజు. డబ్బుకు కటకట, చదువు భయం, ఇంటి ధ్యాస, అమ్మాయిల ఊహలు, అన్నీ ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. చైతన్య స్రవంతి శిల్పం గురించి విమర్శకులు చాలా రాశారు. నన్ను కదిలించేది ఇంకోటి. రవి చుట్టూ రోజంతా మనుషులే. అయినా అతని బుర్రలో నడిచేదంతా పూర్తిగా వినేది పాఠకుడు ఒక్కడే. శారద అడిగింది, రవి అడగలేకపోయాడు. తన కన్నా పెద్ద ఊళ్లో, తనలాంటి వాళ్ల మధ్యే ఒంటరిగా మిగలడం అంటే ఏంటో ఇప్పుడు పీజీల్లో ఉండే కుర్రాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు వ్యక్తిత్వ వికాసం పుస్తకాల దగ్గరికొద్దాం. యండమూరి 'విజయానికి ఐదు మెట్లు' చదివి ధైర్యం తెచ్చుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు, ఆ పుస్తకాన్ని వెక్కిరించడం నా పని కాదు. పట్నం, ఇంగ్లీషు, ఇంటర్వ్యూ అంటే వణికే పిల్లలతో అది వాళ్ల భాషలో మాట్లాడింది. నా గొడవ 'మెట్లు' అన్న ఆ ఊహతోనే. మెట్లెక్కేవాడు ఒక్కడే. పైకి చేరితే గొప్ప వాడిదే, చేరకపోతే తప్పూ వాడిదే. తర్వాత వచ్చిన వందల పుస్తకాలూ, ఇప్పటి రీల్సూ ఆ ఊహనే నమ్ముకున్నాయి. పన్నెండు గంటల షిఫ్ట్ చేసేవాడికి అవి టైమ్ మేనేజ్‌మెంట్ నేర్పుతాయి. ఆ పన్నెండు గంటలు ఎవరు పెట్టారని మాత్రం అడగవు.

భాషలోనూ ఈ తేడా కనిపిస్తుంది. 'ఒత్తిడి' అన్నప్పుడు నలిగేవాడు ఒక్కడే కనబడతాడు. 'బెంగ' అలా కాదు. బెంగ ఉందంటే వెంటనే 'ఎవరి మీద?' అని అడుగుతారు. అమ్మ మీద, ఊరి మీద, బిడ్డ మీద. ఆ 'మీద'లోనే సగం మందు ఉంది, ఎందుకంటే ఎవర్ని కలవాలో, ఎక్కడికి పోవాలో అది చెబుతుంది. తెలంగాణలో 'మనాది' అంటారు. శరీరానికి వ్యాధి ఎలాగో మనసుకు 'ఆధి' అలాగని పాతవాళ్లు రెంటినీ జంటగా 'ఆధివ్యాధులు' అన్నారు. మనసు బాధకు పేరు పెట్టడానికి మనం ఇంగ్లీషు దాకా పోనక్కర్లేదు.

ఆత్మకూరు పేరుతో తెలుగునాట చాలా ఊళ్లున్నాయి. నేను చెప్పేది నల్లమల అంచున, ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న ఆత్మకూరు గురించి. ఇక్కడికి దగ్గర్లోనే శ్రీశైలం జలాశయం వెనుక నీళ్లు. 1981 ప్రాంతంలో ఆ ప్రాజెక్టు కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు మునిగాయి, లక్ష మంది దాకా కదిలిపోవాల్సొచ్చింది. సంగమేశ్వరం గుడి ఏడాదిలో చాలా నెలలు నీళ్లలోనే ఉంటుంది. ఎండాకాలం నీళ్లు దిగినప్పుడు బయటపడుతుంది, జనం బయల్దేరిపోతారు. వాళ్లలో మొక్కు కోసం పోయేవాళ్లుంటారు, చూడ్డానికి పోయేవాళ్లుంటారు. నాకైతే అందులో ఇంకోటి కనిపిస్తుంది. పోయినదాన్ని 'మర్చిపో, ముందుకెళ్లు' అంటాయి మన పుస్తకాలు. మునిగిన ఊరి మీద బెంగను అలా దాటలేం. నీళ్లు దిగినప్పుడు నలుగురితో కలిసి పోయి చూసి రావడం, ఇది ఫలానా చోటని పిల్లలకు చూపించడం, ఆ బెంగతో బతకడానికి అదీ ఒక దారే. రాయలసీమ కథ కరువు గురించీ ఫ్యాక్షన్ గురించీ చాలా రాసింది. ఈ బెంగ గురించి, ఇక్కణ్నుంచి బస్సెక్కి బెంగళూరులోనో హైదరాబాదులోనో తేలిన పిల్లల బెంగ గురించి ఇంకా చాలా రాయాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. పాత మాటలు బాగున్నాయి కదాని జబ్బును కూడా బెంగ అని సరిపెట్టడం ప్రమాదం. 'గాలి సోకింది', 'దిష్టి తగిలింది' అని నెలలు గడిపేసే ఇళ్లు మనకు కొత్త కాదు. 2015-16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ సర్వేలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని తేలింది. అంటే పదిమందిలో ఒకరు. నిద్ర, తిండి వారాల తరబడి దెబ్బతిన్నా, చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినా, కథలు చాలవు, డాక్టరు కావాలి. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. అది పైసా ఖర్చు లేని ఫోను, తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడ కూడా ఉన్నది మెట్లు కాదు, అవతల ఫోనెత్తి వినే ఒక మనిషి.

ఇంత పనిలో ఎవర్ని అడిగే తీరిక ఎక్కడుంది అంటారా? ఈగకూ తీరిక లేదు, ఇల్లు సగమే అలికింది. చేతిలో పని అలాగే వదిలేసి బయటికొచ్చింది కాబట్టే దాని పేరు దానికి దొరికింది. ఈసారి ఎవరైనా స్నేహితుడు ఫోన్‌లో 'బిజీరా' అని పెట్టేయబోతే, ఇంకో నిమిషం ఆగి వాణ్ని పేరు పెట్టి పిలవండి.