మొక్కుబడి కాదు, వెట్టియు కాదు

మూలవాక్యము: లూకా 9:23

నూతన సంవత్సరపు మొదటి ఆదివారమున నిబంధన ఆరాధన జరుపుకొను వాడుక మెథడిస్టు పూర్వులనుండి మనకు సంక్రమించినది. ఆ దినమున సంఘమంతయు తన్ను తాను దేవునికి అప్పగించుకొనుచున్నానని ఏకకంఠముగా పలుకును. మన యొద్దనున్న ఆరాధన క్రమములలో దీనికంటె లోతైనవి అరుదు. అయితే లోతైన మాటలు పలుకుట అలవాటైపోయినప్పుడు ఆత్మకు అపాయము కలదు. కావున ఈ క్రమమునందు ప్రేమగలవాడనైయే దీనిని పరీక్షించి చూడగోరుచున్నాను. దీనిలోని మేలు ఏది? కాలక్రమమున మనము పోగొట్టుకొన్నది ఏది? మన తెలంగాణ పల్లెవాసి చెవికి ఇది ఎట్లు వినబడుచున్నది?

మొదట దీని చరిత్రను క్లుప్తముగా జ్ఞాపకము చేసికొందము. 1755 ఆగస్టు 11న లండను నగరమందలి స్పిటల్‌ఫీల్డ్సులోనున్న ఫ్రెంచి దేవాలయములో జాన్ వెస్లీ ఈ ఆరాధనను జరిపించెను. అందలి మాటలు ఆయన స్వంతము కావు. పదునేడవ శతాబ్దపు ప్యూరిటను బోధకుడైన రిచర్డు అల్లైను గ్రంథమునుండి ఆయన వాటిని గైకొని, 1780లో చిన్న పుస్తకముగా ప్రకటించెను. వెస్లియను మిషనరీలు నిజాం రాజ్యమునకు వచ్చినప్పుడు ఈ వారసత్వమును వెంట తెచ్చిరి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడిన తరువాత, 1963లో వెలువడిన ఆ సంఘపు ఆరాధన గ్రంథములో నిబంధన ఆరాధనకు స్థానము లభించెను. ఈ విధముగా లండనులో మొలిచిన మొక్క మెదకు సీమలో వేరు తన్నినది.

ఇక దీనిలోని మేలు సంగతి. ఈ క్రమము సమర్పణను మొక్కుగా కాక నిబంధనగా చూపుచున్నది. ఈ భేదము చిన్నది కాదు. మొక్కు మనుష్యునితో మొదలగును. బిడ్డకు జ్వరము తగ్గిన యెడల ఇంత ఇచ్చెదను, ఉద్యోగము దొరికిన యెడల ఇది చేసెదను అని మనుష్యుడు షరతు పెట్టును. పని నెరవేరినదా, చెల్లించి చేతులు దులుపుకొనును. మన తెలుగు భాషయే దీనికి సాక్షి. మనసు పెట్టక ఏదో చేసితిమనిపించుకొను పనిని మనవారు మొక్కుబడిగా చేసినాడందురు. పవిత్రమైన మాట ఎట్టి అర్థమునకు దిగజారెనో చూడుడి!

నిబంధన అట్టిది కాదు. అది దేవునితో మొదలగును. ఆదికాండము 15వ అధ్యాయములో ఖండింపబడిన బలిపశువుల మధ్యనుండి నడచిపోయినది అబ్రాహాము కాదు. పొగయు అగ్నియు గురుతులుగా దేవుడే నడచిపోయెను. అనగా మొదట తన్ను తాను కట్టుబరచుకొన్నవాడు దేవుడే. ఆయన మనలను కొన్నాడు గనుక మనము ఆయనవారమని ఒప్పుకొనుటయే సమర్పణ. నిబంధన ప్రార్థన ఈ సత్యముమీద స్థిరముగా నిలిచియున్నది. దానిలో విశ్వాసి పనినిగాని పనిలేమినిగాని, నిండుదనమునుగాని వెలితినిగాని తన ఇష్టప్రకారము ఏరుకొనక, దేవుని చిత్తమునకు విడిచిపెట్టును. ఇంతకంటె గొప్ప ప్రార్థన చేయుట దుర్లభము.

అయితే పోగొట్టుకొన్నది ఏది? అల్లైను బోధను జాగ్రత్తగా చదువువారికి ఒక సంగతి తేటపడును. తన్ను దేవునికి అప్పగించుకొనగోరువాడు రహస్యమందు, ఒకసారి కాక పలుమారులు, ప్రభువు సన్నిధిని ఏకాంతముగా గడిపి, తన పాపములను వెదకి, ఖర్చు లెక్కించి, పిమ్మటనే మాట ఇయ్యవలెనని ఆ బోధ. అనగా బహిరంగ ప్రార్థనకు ముందు గదిలోని ప్రార్థన కలదు. వెస్లీ దానిని సంఘము మధ్యకు తెచ్చుట మంచిదే. కాని రానురాను గది మరువబడి, ఆలయము మాత్రమే మిగిలెను. ఇప్పుడు మన క్రమములో మొదటి ఆదివారము కలదు, సోమవారము లేదు. ఆ ఆదివారము మధ్యాహ్నము ఇంటికి పోయినవాడు ఏమి చేయవలెనో అది చెప్పదు. ఇది దీనిలోని మొదటి కొరత.

మత్తయి 16:24, మార్కు 8:34, లూకా 9:23 ఈ మూడు వచనములను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడి. మూడింటను ప్రభువు సిలువనెత్తికొనుమని ఆజ్ఞాపించుచున్నాడు. అయితే అనుదినము అను మాట లూకాలో మాత్రమే యున్నది. ఆ ఒక్క మాట మన సంవత్సరపు సమర్పణలను, కన్వెన్షను రాత్రి చేతులెత్తిన తీర్మానములను, డిసెంబరు 31 అర్ధరాత్రి కన్నీళ్లను తీర్పు తీర్చుచున్నది. అవి వ్యర్థములని నేననుట లేదు. పెండ్లి ఒక్క దినమే జరుగును. కాని పెండ్లినాటి ప్రమాణముతోనే కాపురము జరిగిపోదు గదా! నిర్గమకాండము 29వ అధ్యాయములో ఉదయమున ఒక గొఱ్ఱెపిల్లను, సాయంకాలమున ఒక గొఱ్ఱెపిల్లను ప్రతిదినము అర్పించవలెనని విధింపబడెను. నిన్నటి బలి నేటికి చాలదు.

రెండవ కొరత ఆ క్రమములో కంటె దానిని బోధించు మనయందే ఎక్కువగా ఉన్నది. సమర్పణను గూర్చి చెప్పునప్పుడు మనము దాసుడు, యజమానుడు అను మాటలను ధారాళముగా వాడుదుము. అవి లేఖనములోని మాటలే. కాని వినువాడెవడు? 1948కి ముందు నిజాం పాలనలో మన పల్లెలలో వెట్టిచాకిరి అనునది ఉండెను. పిలుపు వచ్చినప్పుడు కూలి లేకుండ బరువులు మోయవలెను, కబుర్లు చేరవేయవలెను. చెప్పులు కుట్టువాడు దొరకు ఉచితముగా కుట్టి ఇయ్యవలెను. మెదకు ప్రాంతమున క్రీస్తును అంగీకరించినవారిలో అనేకులు ఆ భారము క్రింద నలిగిన మాల మాదిగ కుటుంబములవారే. అట్టివారి మనుమలయెదుట నిలిచి, మీకని ఏమియు ఉంచుకొనకుడి, మారుమాట పలుకకుడి అని చెప్పునప్పుడు, వారి చెవికి సువార్త వినబడుచున్నదా, పాత దొర గొంతు వినబడుచున్నదా? బోధకుడు దీనిని ఆలోచింపవలెను.

వెట్టికి నిబంధన లేదు. దొర దేనికిని కట్టుబడడు, వెట్టివాడు కాదనలేడు. నిబంధనలోనో దేవుడే ముందుగా కట్టుబడుచున్నాడు. మనుష్యుడు కాదనగలడు, కాదనగలిగియు అవునని చెప్పుచున్నాడు. నిర్గమకాండము 21వ అధ్యాయములో విడుదల పొందదగిన దాసుడు తన యజమానుని ప్రేమించి, తానే కోరి తలుపునొద్ద చెవి కుట్టించుకొనును. విడుదల వాని చేతిలో నున్నది గనుకనే వాని సేవకు విలువ కలిగెను. మన ప్రభువు దాసుని స్వరూపము ధరించినవాడు. శిష్యులను దాసులని పిలువక స్నేహితులని పిలిచినవాడు (యోహాను 15:15). మరియు ద్వితీయోపదేశకాండము 29వ అధ్యాయములో నిబంధన కొరకు నిలిచిన సమూహములో గోత్రపు పెద్దలతోకూడ కట్టెలు కొట్టువారును నీళ్లు తోడువారును లెక్కింపబడిరి. వెట్టిలో పేరు లేనివాడు నిబంధనలో పేరు గలవాడాయెను! 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదకు దేవాలయపు కట్టడములో, కరవు దినములయందు ఆకలిగొన్నవారికి పనియు పనికి ఆహారమును దొరికెనని మన సంఘము నేటికిని చెప్పుకొనుచున్నది. ఆ రాళ్లు మోసినవాడు వెట్టివాడు కాడు. మన సమర్పణ బోధయు అట్లే ఉండవలెను.

మూడవ సంగతి మిక్కిలి సున్నితమైనది. శ్రమను సహితము దేవుని చేతినుండి అంగీకరించెదనని ఆ ప్రార్థనలో కలదు. దేవుడే శ్రమలు కల్పించునని కొందరు దీనిని అపార్థము చేసికొనిరి. అందువలననే కాబోలు, 1999లో వెలువడిన బ్రిటను మెథడిస్టుల ఆరాధన గ్రంథములో పాత రూపముతోపాటు, ఆ భావమును మెత్తబరచి మరియొక రూపమును ఇచ్చిరి. ఇది మనకు దూరపు చర్చ కాదు. 2022లో ప్రారంభమైన మల్లన్నసాగరు జలాశయము కొరకు వేములఘాటు, పల్లెపహాడు మొదలగు ఊళ్లవారు ఇల్లువాకిళ్లు విడిచి, గజ్వేలు ప్రక్కనున్న పునరావాస కాలనీకి వచ్చిరి. నీళ్లు అనేకుల పొలములకు మేలే కావచ్చును. కాని తాత నాటిన చింతచెట్టు నీళ్లపాలైన మనుష్యునితో, నీవు సమస్తమును దేవునికి సమర్పించితివి గదా అని చెప్పవచ్చునా? చెప్పరాదు. తీసికొనబడినది వేరు, అర్పింపబడినది వేరు. పోగొట్టుకొన్నదానికి సమర్పణ అని పేరు పెట్టుట దుఃఖితునియెడల అన్యాయము. దేవుని పేరట చేయబడు అన్యాయము.

అయితే అట్టివానికి అర్పించుటకు ఏమియు మిగులలేదా? మిగిలినది. చేతికి వచ్చిన పరిహారపు రూకలు, దానిని గూర్చి అన్నదమ్ముల మధ్య లేచిన జగడము, రాత్రి నిద్రపట్టనియ్యని చేదు, పరాయి వీధిలో క్రొత్తగా దొరికిన ఇరుగుపొరుగు, రేపటి ఉదయము — ఇవి ఇంకను వాని చేతిలోనే ఉన్నవి. భూమిని వాని యొద్దనుండి తీసికొనవచ్చునుగాని, వీటిని వాడు ఇచ్చిననేగాని ఎవరును తీసికొనలేరు. ఏడ్చుచు మొరపెట్టుటయు సమర్పణకు విరుద్ధము కాదు. గెత్సేమనేలో మన ప్రభువు మొదట తన కోరికను దాచక తండ్రికి తెలిపి, తరువాతనే తండ్రి చిత్తమునకు విడిచిపెట్టెను. మొర లేని సమర్పణ అనేకసార్లు మొద్దుబారిన హృదయమే.

కావున ఈ ఆరాధనను మానవలెనని నా అభిప్రాయము కాదు. దానికి సోమవారమును చేర్చవలెనని మాత్రమే. ఒక వారము ముందుగానే ఆ ప్రార్థనను ఇంటింటికి పంచవలెను. చదువురానివారికి పిల్లలు చదివి వినిపింపవలెను. ఇయ్యలేనివాడు ఆ దినమున నోరు మూసికొని నిలిచినను వానిని తప్పు పట్టరాదు. అబద్ధముగా పలుకుటకంటె నిజముగా మౌనముండుట మేలు. తరువాత ప్రతి ఉదయమును ఫోను చేత పట్టకముందే ఆ దినపు పనిని పేరుపెట్టి దేవునికి అప్పగింపవలెను: దుకాణదారుడు తన తక్కెడను, కూలికి పోవు తల్లి తన నడుము నొప్పిని, విద్యార్థి తన భయమును, పాస్టరు తన ప్రసంగముకంటె ముందు తన నోటిని. సాయంకాలమున, అప్పగించినదానిలో ఎంత తిరిగి లాగికొంటినో లెక్క చూచుకొనవలెను. లాగికొన్నది కనబడినప్పుడు నిరాశ వలదు. నిబంధన మన పట్టుమీద కాక దేవుని పట్టుమీద ఆధారపడియున్నది. మరునాటి ఉదయము మరల ఇత్తము.

ప్రియ చదువరులారా, సంవత్సరమునకు ఒకసారి ఇచ్చి మరచిపోవునది మొక్కుబడి. భయముచేత ఇచ్చునది వెట్టి. మనలను ముందుగా ప్రేమించి తన్ను అప్పగించుకొన్న ప్రభువునకు దినదినము మనస్ఫూర్తిగా ఇచ్చునదే సమర్పణ. నేటి దినము ఇంకను మన చేతిలోనున్నది. దానిని ఆయనకు ఇచ్చుటకు రాబోవు జనవరి వరకు కాచుకొనకుందుము గాక. ఆమేన్.