డిస్కు మాట నమ్మని డ్రైవర్లు

కరెంటు చెప్పి పోదు. మేళ్లచెరువులోనైనా మిర్యాలగూడలోనైనా కంప్యూటర్ పక్కన యూపీఎస్ పెట్టుకునేది అందుకే. అయితే యూపీఎస్ కరెంటు సంగతి మాత్రమే చూసుకుంటుంది. డిస్కు తనంతట తానే మొండికేస్తే చూసుకోవాల్సింది దాన్ని నడిపే ప్రోగ్రాం, అంటే డ్రైవర్. 90ల మొదట్లో సోర్సుతో సహా పంచిపెట్టిన యూనిక్స్ తరహా వ్యవస్థల్లో ఈ డ్రైవర్లు రాసినవాళ్లది ఒకటే పద్ధతి: డిస్కును నమ్మకూడదు.

1991లో లైనస్ టోర్వాల్డ్స్ విడుదల చేసిన లినక్స్ 0.01కు ఏటీ రకం డిస్కులు తప్ప మరేవీ తెలియవు. ఆయన సొంత డిస్కు సిలిండర్లు, హెడ్ల లెక్క కూడా కోడులోనే రాసి ఉండేది. వేరే డిస్కు ఉన్నవాళ్లు ఆ అంకెలు మార్చి మళ్లీ కంపైల్ చేసుకోవాల్సిందే. అంత ముతక డ్రైవర్‌లోనూ ఒక్కో సెక్టారుకు ఇన్నిసార్లే ప్రయత్నించాలన్న హద్దు మాత్రం ఉంది.

డ్రైవర్ ఏ సెక్టారు కావాలో కంట్రోలర్‌కు చెప్పి తన పని తాను చూసుకుంటుంది. పని అయ్యాక డిస్కు 14వ నంబరు ఇంటరప్ట్‌తో పిలుస్తుంది. అప్పుడు డ్రైవర్ స్టేటస్ రిజిస్టర్ చదివి, ఎర్రర్ బిట్ వెలిగి ఉంటే మళ్లీ అడుగుతుంది. తర్వాతి వెర్షన్లలో ఇది పక్కా క్రమంగా మారింది. నాలుగోసారీ తప్పితే హెడ్‌ను సున్నా సిలిండర్‌కు పంపి దారి మళ్లీ వెతికిస్తుంది. ఎనిమిదోసారి కంట్రోలర్‌నే రీసెట్ చేస్తుంది. పన్నెండోసారి మళ్లీ హెడ్‌ను వెనక్కి పంపుతుంది. పదహారోసారికి చేతులెత్తేసి, చదవలేకపోయానని పైకి చెప్పేస్తుంది. నన్నడిగితే పదహారు ఎక్కువే. చావుకు దగ్గరపడిన డిస్కును అన్నిసార్లు గీకడం దానికీ మంచిది కాదు, ఎదురుచూసే మనిషికీ మంచిది కాదు. కానీ చదవని డేటాను చదివినట్టు నటించకపోవడం గొప్ప విషయం.

అసలు పిలుపే రాకపోతే? అందుకు టైమర్ ఉంటుంది. గడువు దాటితే డ్రైవర్ తానే వెళ్లి డిస్కు స్థితి చూస్తుంది. లినక్స్‌కు మార్క్ లార్డ్ రాసిన ఐడీఈ (ఏటీ రకం డిస్కుల) డ్రైవర్ వాడినవాళ్లకు తెరమీద 'లాస్ట్ ఇంటరప్ట్' అన్న సందేశం బాగా గుర్తుంటుంది.

ఇదే తరహా మరో వ్యవస్థ, జోలిట్జ్ దంపతుల 386బీఎస్‌డీ, 1992లో వచ్చింది. దాని నుంచి నెట్‌బీఎస్‌డీ, ఫ్రీబీఎస్‌డీ పుట్టాయి. బీఎస్‌డీ వాళ్ల దగ్గర డెక్ కంపెనీ పాత యంత్రాల నాటి బ్యాడ్144 పట్టిక ఉండేది. డిస్కు చివరి ట్రాక్‌లో 126 దాకా పాడైన సెక్టార్ల చిట్టా రాసుకుని, వాటి బదులు వేరే సెక్టార్లు వాడుకునేవారు.

ఈ డ్రైవర్లు రాసినవాళ్లు చేసిన పనుల్లో నాకు ఎక్కువ విలువైనదిగా తోచేది చిప్‌ల లోపాలకు విరుగుడు రాయడం. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పీసీ బిగించుకున్నవాళ్లు మదర్‌బోర్డు ధర చూశారు గానీ, దానిమీది ఐడీఈ చిప్ పేరు ఎవరు చూశారు? సీఎండీ640 అనే చిప్ రెండు ఛానళ్లూ ఒకేసారి పనిచేస్తే డేటాను పాడుచేసేది, అదీ ఏ ఎర్రరూ చూపకుండా. ఇలాంటప్పుడు పదహారుసార్ల క్రమం ఎందుకూ కొరగాదు, ఎర్రరే రాదు కాబట్టి. లినక్స్ డ్రైవర్ ఆ చిప్‌ను గుర్తుపట్టి, ఒక ఛానల్ పని ముగిశాకే రెండోదాన్ని కదలనిచ్చేది. వేగం తగ్గేది, ఫైళ్లు దక్కేవి. కోడు అందరి ముందూ ఉండబట్టి ఏ మూలన ఏ బోర్డు తేడా చేసినా అది వాడేవాళ్లే వెతికి చెప్పగలిగారు.

డిస్కు అబద్ధాలు అక్కడితో ఆగలేదు. తన కాషేలో పెట్టుకుని, రాసేశానని చెప్పే డిస్కులొచ్చాయి. ఆ క్షణాన కరెంటు పోతే అంతే సంగతులు. 2001లో ఫ్రీబీఎస్‌డీ 4.3 ఐడీఈ డిస్కుల రైట్ కాషేను ముందే ఆపేసి విడుదలైంది. రాత వేగం పడిపోయిందని వాడేవాళ్లు గోల పెట్టారు, తర్వాతి విడుదలలో మళ్లీ ఆన్ చేశారు.