బాన మూతి ఇచ్చే సాక్ష్యం

తెలుగునేల మీద గుట్టల వాలుల్లో, ఊళ్ల పొలిమేరల్లో బండరాళ్లు గుండ్రంగా పేర్చిన సమాధులు ఇప్పటికీ కనిపిస్తాయి. జనం వాటిని రాక్షసగుళ్లని, పాండవగుళ్లని అంటారు. ఇనుపయుగపు మనుషులు తమవాళ్లను సాగనంపిన చోట్లవి. వాటిని తవ్వినప్పుడు అందరి కళ్లూ ఇనుప కత్తుల మీదికి, పూసల మీదికి, నలుపు ఎరుపు కలిసిన కుండల మీదికి పోతాయి. పోయిన మనిషిని దేనిలో ఉంచారో ఆ పాత్ర రెండో వరసలో నిలబడుతుంది. ఆ వరస తిరగబడాలని నేనంటాను. మట్టి పేటిక పొడవు, బాన మూతి వెడల్పు, రాతి అరకు తొలిచిన కంత వ్యాసం... శవాన్ని ఎలా సిద్ధం చేశారో చెప్పే నమ్మకమైన సాక్ష్యాలు ఇవే. ఈ కొలతలను దగ్గర పెట్టుకుని చూస్తే ఒక సంగతి తేలుతుంది. ఆ పాత్రల్లో చాలా వాటిని శవం కోసం చేయలేదు, ఎముకల కోసం చేశారు.

ఇందుకు గట్టి ఆధారం కర్ణాటకలోని బ్రహ్మగిరి. 1947లో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ అక్కడ తవ్వించిన సమాధుల్లో రెండు రకాలున్నాయి. ఒకటి రాతి పలకలతో కట్టిన అర. నాలుగు పక్కల పలకలూ లోపలికి కూలకుండా ఒకదాని అంచు పక్కదానికి దాటేటట్టు స్వస్తిక ఆకారంలో నిలబెట్టి, తూర్పు పలకకు గుండ్రటి కంత తొలిచారు. లోపల ఒకరికంటే ఎక్కువమంది ఎముకలు, అవీ అసంపూర్తిగా దొరికాయి. పెద్ద మనిషి శవాన్ని ఆ కంతలోంచి లోపలికి చేర్చడం కష్టం. పుర్రెను, కాళ్లూ చేతుల పొడవు ఎముకలను చేర్చడం తేలిక. పైకప్పు బండ కదపకుండానే, ఇంట్లో ఇంకొకరు పోయినప్పుడు వాళ్ల ఎముకలనూ అందులోనే కలపవచ్చు. రెండో రకం రాతి వలయం నడుమ తవ్విన గొయ్యి. అందులో ఎముకలు లేవు. శవం మీది మాంసం పోయేదాకా ఉంచిన చోటు ఇదే కావచ్చని, తర్వాత ఏరిన ఎముకలు రాతి అరకు చేరేవని వీలర్ ఊహించాడు. ఊహే అయినా రెండు రకాల సమాధులనూ ఒకే తంతులోని రెండు మెట్లుగా ముడివేసే వివరణ ఇది. ములుగు జిల్లా దామరవాయి గుట్టల మీది రాక్షసగుళ్లలో ఉన్న రాతి తొట్లనూ ఈ ప్రశ్నతోనే కొలిచి చూడాలి.

దీనికి ఎదురు ప్రశ్న ఉంది, అది తేలికైనదేం కాదు. ఆమ్లగుణం ఉన్న నేలలో ఎముకలు కరిగిపోతాయి. రెండు మూడు వేల ఏళ్ల తర్వాత పుర్రె ముక్క, తొడ ఎముక మాత్రమే మిగిలితే, పెట్టినవి అవి రెండేనని ఎలా అంటాం? నిజమే, ఎముకలు తక్కువగా దొరికాయన్న ఒక్క సంగతి మీద ఈ వాదన నిలవదు. పాత్రను ముందు చూడమనడానికి కారణం కూడా ఇదే. ఎముక కరిగినా కాల్చిన మట్టి కరగదు, బాన మూతి వెడల్పు మారదు. తమిళనాట తామ్రపర్ణి ఒడ్డున ఉన్న ఆదిచ్చనల్లూరునే తీసుకోండి. 1899 నుంచి 1905 వరకు అలెగ్జాండర్ రే తవ్విన ఆ శ్మశానంలో మోకాళ్లు ముడిచిన పూర్తి అస్థిపంజరాలు కూడా బానల్లో దొరికాయి. అంటే అక్కడ కొందరిని శవంగానే బానలో కూర్చోబెట్టారు. ఇది నా వాదనకు అడ్డురాదు. మనిషి పట్టేంత బానలో మనిషి దొరకడం, కొలతను నమ్మవచ్చనే చెబుతుంది.

మహారాష్ట్రలోని ఇనాంగావ్ ఇంకా పాతది, రాగి వాడిన రైతుల ఊరు. అక్కడ పసిబిడ్డలను రెండు కుండల్లో ఉంచి, కుండల మూతులు ఒకదానికొకటి ఆనించి, ఇంటి నేలలోనే అడ్డంగా పడుకోబెట్టారు. పెద్దలను కుండ లేకుండా గోతిలో వెల్లకిలా పడుకోబెట్టి, చీలమండల దగ్గర పాదాలు నరికేశారు. పోయినవాళ్లు లేచి తిరగకూడదనే అలా చేశారని తవ్వినవారి అభిప్రాయం. ఒక్క నడివయసు మగవాణ్ణి మాత్రం నాలుగు కాళ్లున్న పచ్చిమట్టి బానలో బాసిపట్టు వేయించి కూర్చోబెట్టారు. అతని పాదాలు అతనికే ఉన్నాయి. వయసును బట్టి, స్థానాన్ని బట్టి పాత్ర మారింది, పాత్రతోబాటు శరీరానికి చేసే పనీ మారింది. అలవాటు చొప్పున చేతికందిన కుండ వాడేశారని అనేవాళ్లకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

ఇక కుమ్మరి పని. పెద్ద బానను మట్టి చుట్టలు ఒకదానిపై ఒకటి పేర్చి, లోపలా బయటా చేత్తో అదిమి పెంచాలి. దళసరి గోడ తొందరపడి ఆరితే నెర్రెలిస్తుంది కాబట్టి నీడన రోజుల తరబడి ఆరబెట్టాలి, ఆ పైన కాల్చాలి. కడప జిల్లా శంకవరంలో దొరికి ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉన్న పొట్టేలు ఆకారపు మట్టి పేటిక వంటిదైతే కాళ్లు, తల విడిగా చేసి అతకాలి. కాళ్ల వల్ల అడుగుభాగానికి కూడా మంట తగులుతుంది, పూడ్చాక తేమ తగ్గుతుంది. అయితే అంత శ్రద్ధగా పొట్టేలు తలను మలచడానికి ఈ ప్రయోజనాలు చాలవు, అందులో భక్తి ఉంది. ఇలాంటి పాత్ర తయారయ్యేదాకా మన ఎండలకు శవం ఆగదు. బానలు ముందే చేసి ఉంచుకునేవారేమో అనవచ్చు. మామూలు బానల విషయంలో అది సాధ్యమే. కానీ ప్రాచీన తమిళ పద్య సంకలనం పురనానూరులోని ఒక పద్యంలో, భర్త పోయిన స్త్రీ తనకూ చోటు ఉండేలా బానను వెడల్పుగా చేయమని కుమ్మరిని వేడుకుంటుంది. మనిషిని బట్టి చేయించడమనే ఊహ అప్పటివాళ్లకు కొత్త కాదన్నమాట. రెండు మెట్ల తంతు ఆ చేయించడానికి గడువు ఇచ్చింది. మాంసం మట్టిలో కలిసేలోగా పేటిక ఆరి, కాలి సిద్ధమయ్యేది.

ఇవాళ్టి అస్థి సంచయనాన్ని దీనికి నేరుగా వారసత్వమనడం తొందరపాటు. నిప్పు వేరు, మంత్రం వేరు, చివరికి ఎముకలు చేరే చోటు వేరు. అయినా చితి చల్లారాక ఎముకలు ఏరి మట్టిపాత్రలో పెట్టేవాళ్లకు ఈ తంతు అనాగరికంగా కనిపించకూడదు. పుర్రెను, ఎముకలను తమ చేతులతో తుడిచి, ఏరి, అమర్చినవాళ్లు ఆ మనిషి కోసం రెండుసార్లు కూడారు.

ఇప్పుడు ఈ వలయాల రాళ్లు క్వారీలకు, కొత్త లేఅవుట్లకు పోతున్నాయి. సికింద్రాబాద్ హష్మత్‌పేటలో సమాధుల చుట్టూ కాలనీలు లేచాయి. అన్నిటినీ కాపాడటం కుదరకపోతే, తవ్వేచోటనైనా పద్ధతి మారాలి. పగిలిన బాన పెంకులను సంచికెత్తే ముందు మూతి వ్యాసం, లోతు, మూత అమరిక అక్కడికక్కడే కొలిచి రాయాలి. లోపలి మట్టిని బయట పారబోయకుండా జల్లించి దాచాలి. పన్ను, వేలి ఎముక, కాలి ఎముకల చిన్న ముక్కలు దొరికేది ఆ మట్టిలోనే. శవం మొత్తంగా వెళ్లిందా, ఎముకలే వెళ్లాయా అన్న తగవు తీర్చగలిగేవి అవే.