బీదరు మదర్సాను ఏ కొలతతో కొలవాలి?

రాజప్రాసాదాన్ని విమర్శించే పద్ధతి వేరు, పాఠశాల భవనాన్ని విమర్శించే పద్ధతి వేరు. ప్రాసాదం చూసేవారి కోసం లేస్తుంది. పాఠశాల అందులో కూర్చుని చదివేవారి కోసం లేస్తుంది. బహమనీల రాజధాని బీదరులో ఖ్వాజా మహమూద్ గవాన్ 1472లో పూర్తి చేయించిన మదర్సాను గురించి మాట్లాడేవారిలో పెక్కుమంది ఈ భేదాన్ని పాటించరు. వారి చూపు మీనారు దగ్గర, రంగు పెంకుల దగ్గర ఆగిపోతుంది.

గవాన్ ఇరాన్‌లోని గీలాన్ ప్రాంతంవాడు. వర్తకుడుగా దక్కనుకు వచ్చి, మూడవ ముహమ్మద్ షా కాలంలో ప్రధానమంత్రి అయినాడు. ఆయన కట్టించిన భవనానికి బంధువులు కూడా ఆ దిక్కునే ఉన్నారు. నడుమ విశాలమైన ప్రాంగణం, నాలుగు వైపులా ఐవాన్‌లనే ఎత్తయిన కమాను మందిరాలు, వాటి మధ్య గదుల వరుసలు: సమర్ఖందులో ఉలుగ్ బేగ్ 1417-20 మధ్య కట్టించిన మదర్సాలోను, ఖురాసాన్‌లోని ఖర్‌గిర్ద్‌లో 1440ల నాటి మదర్సాలోను ఇదే అమరిక కనిపిస్తుంది. దీనినిబట్టి కొందరు విమర్శకులు బీదరు కట్టడాన్ని దక్కను నేలలో వేరూనని పరాయి మొక్కగా తీర్మానించారు.

ఈ తీర్మానంలో కొంత సత్యం లేకపోలేదు. ముఖభాగాన నీలం, ఆకుపచ్చ, పసుపు, తెలుపు రంగుల పెంకులు గోడకు తొడిగిన వస్త్రం వంటివి. గోడలో భాగం కావు. శతాబ్దాల ఎండవానలకు అవి చాలామట్టుకు రాలిపోయినవి. మీనారు చుట్టూ ఉన్న నడవాలు రాతి దూలాల ఆధారంతో నిలవక, గోడలోనుంచే ఒంపు తిరిగి ముందుకు వస్తాయి. ఇదీ ఇక్కడి అలవాటు కాదు. రాతిని చెక్కడంలో దక్కను పనివారికున్న నేర్పును ఈ కట్టడం తగినంతగా వాడుకోలేదనడం న్యాయమే.

కాని లోపలి అమరికను చూసినవారు అంతటితో తీర్పు ముగించలేరు. హైదరాబాదు రాజ్య పురావస్తు శాఖకు తొలి అధిపతి అయిన గులాం యజ్దానీ బీదరు కట్టడాలపై 1947లో వెలువరించిన గ్రంథం ఈ అమరికను శ్రద్ధగా వివరిస్తుంది. భవనం పొడవు 205 అడుగులు, వెడల్పు 180 అడుగులు, అంతస్తులు మూడు. ముందుభాగంలో ఒక ప్రక్క మసీదు, ఒక ప్రక్క గ్రంథాలయం. బోధన మందిరాలు మూడంతస్తుల ఎత్తు లేచి గాలిని, వెలుతురును లోనికి తెస్తాయి. విద్యార్థుల గదులు, అధ్యాపకుల నివాసాలు అదే ప్రాంగణాన్ని చుట్టి ఉన్నవి. గ్రంథాలయంలో 3,000 సంపుటాలు ఉండేవని చెబుతారు. నమాజుకు, పాఠానికి, పుస్తకానికి, పడకకు మధ్య దూరం కొద్ది అడుగులే. గురుశిష్యులు ఒకే కప్పు క్రింద జీవించాలన్న అభిప్రాయం ఇక్కడ రాతిలో, సున్నంలో రూపుకట్టింది. పెంకులన్నీ రాలినా ఈ గుణం రాలదు.

కట్టించినవారి మనసు తెలియడానికి మరొక ఆధారం ఉన్నది. కాబా గోడలు లేపుతూ హజ్రత్ ఇబ్రాహీం, హజ్రత్ ఇస్మాయీల్ (అలైహిముస్సలాం) తమ పనిని స్వీకరించమని ప్రభువును వేడుకున్నారు. ఆ ప్రార్థనలోని మూడు పదాల విలువను అబ్జద్ లెక్కన కూడితే 876 వస్తుంది. మదర్సా పూర్తయిన హిజ్రీ సంవత్సరం అదే. ఆ కాలపు కవి ఒకరు తేదీని చెప్పడానికి ఈ పదాలనే ఎన్నుకున్నారు. బిరుదులు వల్లించగల చోట ఒక వేడుకోలు నిలిచింది.

ఆ తరువాతి కథ మన ఆంధ్రదేశపు గడ్డ మీదనే నడిచింది. ఒరిస్సా రాజుకు గవాన్ వ్రాసినట్లుగా శత్రువులు ఒక దొంగ ఉత్తరం సృష్టించారు. సుల్తాను దానిని నమ్మి, 1481 ఏప్రిల్ 5న కృష్ణాతీరానికి చేరువలోని కొండపల్లిలో ఆ వృద్ధ మంత్రిని చంపించాడు. మరుసటి ఏడే సుల్తానూ మరణించాడు. రాజ్యం ముక్కలైంది. మదర్సా మాత్రం నిలిచింది. 17వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఫిరిష్తా తన చరిత్రను వ్రాసేనాటికి అది చెక్కుచెదరలేదు.

దానిని కూల్చింది కాలం కాదు, వాడుక మారడం. 1657లో బీదరు మొగలుల వశమైన పిమ్మట ఇందులో సైనికులు దిగారు, తుపాకిమందు నిలువచేశారు. ఆ శతాబ్దం చివర జరిగిన పేలుడుతో ప్రవేశద్వారం, ఆగ్నేయ భాగం, రెండు మీనార్లలో ఒకటి నేలకూలినవి. పుస్తకాలకని కట్టిన చోట మందుగుండు పెట్టడానికి ఒప్పుకున్ననాడే ఈ నష్టం మొదలైనదని చెప్పాలి.

నేడు ఈ కట్టడం భారత పురావస్తు శాఖ రక్షణలో ఉన్నది. గోడలను కాపాడటం ఆ శాఖ పని. మన పని వేరు. మన ఊళ్ళలో మదర్సా కట్టేటప్పుడు మీనారు ఎత్తు గురించి, గుమ్మటం రంగు గురించి చాలా చర్చిస్తాము. పిల్లవాడు చదువుకునే గదికి కిటికీ ఉన్నదా, గ్రంథాలయానికి చోటు విడిచామా, అధ్యాపకుడు ఎక్కడ నివసిస్తాడు అన్న ప్రశ్నలు చివరికి వస్తాయి, ఒక్కొక్కప్పుడు రానేరావు. గవాన్ మదర్సాను ఆదర్శంగా చెప్పుకునేవారు ముందు ఆ ప్రశ్నలతో నక్షా గీయించాలి.